తల పెద్దది, కాళ్లు పొట్టివి: గుర్రం ఫోటోల గురించి ఆమదాలవలస తమ్ముడికి

ప్రశ్న: అన్నా, మాది ఆమదాలవలస దగ్గర పల్లెటూరు. మా మావయ్య పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు ఇస్తుంటాడు. తెల్లది ఒకటి, నల్లది ఒకటి ఉన్నాయి. మావయ్యనీ, ఈ మధ్యే సవారీ నేర్చుకుంటున్న మా చెల్లినీ గుర్రం మీద పెట్టి బయట ఫోటోలు తీస్తున్నాను, ఒక్కటీ బాగా రావట్లేదు. గుర్రం తల పెద్దగా, కాళ్లు పొట్టిగా వస్తున్నాయి. తెల్లది కాగితం ముక్కలా, నల్లది బొగ్గు ముద్దలా ఉంటోంది. మనిషి ముఖం చీకటి, పరిగెత్తితే అంతా మసక. ఎక్కువగా ఫోనుతోనే తీస్తాను. సెకండ్ హ్యాండ్‌లో కొన్న కెనాన్ కెమెరా, 18-55, 55-250 లెన్సులు కూడా ఉన్నాయి. కొత్త కెమెరా కొనాలా? మావయ్య ఫ్లెక్సీకి ఒక్క మంచి ఫోటో కావాలి.

జవాబు: తమ్ముడూ, కొత్త కెమెరా కొనొద్దు. నీ దగ్గరున్న 55-250 లెన్సు గుర్రాల ఫోటోలకు చక్కగా సరిపోతుంది. దాన్ని బ్యాగులో ఉంచేసి ఫోను పట్టుకుని గుర్రం ముందుకెళ్లి నిలబడుతున్నావు, గొడవంతా అక్కడే మొదలవుతోంది. నువ్వు పంపిన ఆరు ఫోటోలూ పెద్దవి చేసి చూశాను. ఆరూ నిలబడి తీసినవే, అన్నీ బాగా దగ్గర నుంచి తీసినవే, నాలుగింటిలో ఎండ నడినెత్తిన ఉంది.

తల ఎందుకు పెద్దదవుతోందో చూడు. గుర్రం ముట్టె నీకు మూడడుగుల్లో ఉందనుకో, తోక దగ్గర దగ్గర పదడుగుల్లో ఉంటుంది, అంటే మూడు రెట్లకు పైగా తేడా. దగ్గరున్నది పెద్దగా, దూరంగా ఉన్నది చిన్నగా పడుతుంది కాబట్టి ముట్టె గుమ్మడికాయంత అయిపోయి వెనక కాళ్లు మేకపిల్ల కాళ్లలా కనిపిస్తాయి. అదే ఇరవై మీటర్ల దూరం నుంచి తీస్తే ఆ ఏడడుగుల తేడా లెక్కలోకే రాదు, గుర్రం నీ కంటికి ఎలా ఉంటుందో ఫోటోలోనూ అలాగే ఉంటుంది. 55-250 లెన్సు జూమ్‌ని 100 అంకె దగ్గర పెట్టి ఇరవై మీటర్లు వెనక్కి వెళ్తే గుర్రం, మనిషి ఇద్దరూ చుట్టూ కాస్త ఖాళీతో సరిగ్గా పడతారు. తలా, మెడా, మీదున్న మనిషీ మాత్రమే కావాలంటే అక్కడే నిలబడి 200కి తిప్పు. ఫోనుతోనే తీయాల్సి వస్తే 2ఎక్స్ గానీ 3ఎక్స్ గానీ నొక్కి ఆరు నుంచి తొమ్మిది మీటర్లు వెనక్కి రా. ఎదురుగా నిలబడి ముట్టె మీదికి తీయడం మాత్రం మానెయ్, పక్కనుంచో, కొంచెం ముందు మూల నుంచో తియ్యి.

ఇక ఎత్తు. మోకాలి మీద కూర్చో. ఇది చాలామంది చెప్తారు గానీ ఎందుకో చెప్పరు, నాకూ ఇది అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. సముద్రం దగ్గరో, విశాలమైన మైదానంలోనో నువ్వు తీసే ఫోటోలో నేలా ఆకాశం కలిసే గీత ఎప్పుడూ నీ కెమెరా ఎత్తులోనే ఉంటుంది. నువ్వు నిలబడితే కెమెరా అయిదడుగుల ఎత్తులో ఉంటుంది కదా, ఆ గీత గుర్రాన్నీ సరిగ్గా అయిదడుగుల దగ్గరే కోస్తుంది, అంటే వీపు మీదుగా, మీ మావయ్య తొడల మీదుగా పోతుంది. గుర్రం కొంచెం తల దించిందంటే గీత దాని కళ్ల మీదుగానో చెవుల మీదుగానో పోతుంది. నువ్వు పంపిన కళింగపట్నం బీచి ఫోటోలో జరిగింది అదే. అదే కూర్చుని తీస్తే గీత గుర్రం పొట్ట కిందికి జారిపోతుంది, వీపూ మెడా చెవులూ మనిషీ అన్నీ ఖాళీ ఆకాశం మీద విడిగా కనిపిస్తాయి. గుర్రం ఎత్తుగా, కాళ్లు పొడుగ్గా కూడా అనిపిస్తాయి. నిక్కరు తడుస్తుందనుకోకు, ఇసకలో కూర్చో.

వెలుతురు సంగతికొస్తే మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకి ఒక అదృష్టం ఉంది, సముద్రం మనకి తూర్పున ఉంది. పొద్దున్న సముద్రానికి వీపు పెట్టి నిలబడ్డావంటే సూర్యుడు నీ భుజం మీదుగా నేరుగా గుర్రం మీద పడతాడు, దాని వెనక సరుగుడు తోట చీకటిగా ఉంటుంది. తెల్ల గుర్రానికి అంతకన్నా మంచి తెర ఎక్కడా దొరకదు. సాయంత్రం తిరగేసుకో, తోటకి వీపు పెట్టి సముద్రం వైపు తిరిగితే ఎండ గుర్రం మీద, వెనక నీలం నీళ్లు. అది నల్ల గుర్రానికి బాగుంటుంది. ఒక్కటి గుర్తుపెట్టుకో, సాయంత్రం సూర్యుడు కిందికి దిగకముందే తోట నీడ ఇసక మీదికి పాకేస్తుంది. చలికాలం అస్తమయం అయిదున్నరకి కదా అని అయిదింటికి చేరావంటే ఇసక అంతా నీడలోకి పోయి ఉంటుంది, అందుకే నాలుగింటికల్లా గుర్రం అక్కడ ఉండాలి. పొద్దున్న అయితే జూన్‌లో 5.20 ప్రాంతంలోనే సూర్యుడు వచ్చేస్తాడు, జనవరిలో 6.30 దాకా రాడు, వచ్చాక ఒక గంటన్నర నీది. ఆ తర్వాత ఎండ పైనుంచి పడి కళ్ల కింద గుంటలు, తలపాగా కింద చీకటి, గుర్రం పొట్ట కింద నల్లటి నీడ. మనిషి ముఖం చీకటిగా వస్తోందని రాశావే, దానికి కారణం ఇదే.

అన్నిసార్లూ బీచికే పోనక్కర్లేదు. ఎండాకాలం నాగావళిలో తేలే ఇసక మేటలు చాలు, కాస్త కూడా చెత్త లేని చోటు చూసుకుంటే. విజయనగరం వైపు వస్తే కోట గోడ ఉంది, 1713లో మొదలైన కోట, ఆ పాత రాయి ముందు ఏ రంగు గుర్రమైనా కుదురుగా కనిపిస్తుంది. పల్చటి మబ్బు పట్టిన రోజు వచ్చిందంటే వదులుకోకు, చాలామంది ఎండ లేదని ఇంట్లో కూర్చుంటారు గానీ తెల్ల గుర్రానికైనా నల్ల గుర్రానికైనా మబ్బు వెలుతురే మేలు.

తెల్లది కాగితంలా, నల్లది బొగ్గులా ఎందుకొస్తోందంటే, కెమెరాకి అది గుర్రమని తెలీదు. ఎదురుగా ఉన్న మొత్తాన్నీ కలిపి నడిమి రకం బూడిద రంగు చేద్దామని చూస్తుంది. ఫ్రేములో ఎక్కువ భాగం చీకటి తోట ఉంటే, తోటని వెలిగించబోయి తెల్ల గుర్రాన్ని కాల్చేస్తుంది, ఒంటి మీద వెంట్రుకలు కూడా కనపడవు. అప్పుడు వెలుతురు తగ్గించాలి, మైనస్ 1 దాకా. అదే తెల్ల గుర్రం తెల్లటి ఇసక మీద, మెరిసే నీళ్ల ముందు ఉంటే కెమెరా భయపడి అంతా మురికి చేస్తుంది, అప్పుడు ప్లస్ 0.7 గానీ ప్లస్ 1 గానీ. కాబట్టి తెల్ల గుర్రానికి ఇంత, నల్లదానికి ఇంత అని బట్టీ పట్టకు, వెనక ఏముందో చూసి నిర్ణయించుకో. నల్ల గుర్రం ఫ్రేము నిండా ఉంటే మైనస్ 0.7తో మొదలుపెట్టు, లేకపోతే కెమెరా దాన్ని వెలిసిపోయిన గొడుగు రంగులోకి తెస్తుంది. అలా తగ్గించాక బొగ్గు ముద్ద అవకుండా కాపాడేది పక్క నుంచి పడే తక్కువ ఎత్తు ఎండ, అది పడితేనే మెడ కండలు, భుజం గుండ్రం, చెమట పట్టిన చోట మెరుపు కనిపిస్తాయి. నీ కెమెరాలో ప్లస్ మైనస్ గుర్తున్న బటన్ నొక్కి పట్టుకుని పైన చక్రం తిప్పు. ఫోనులో అయితే గుర్రం ఒంటి మీద వేలితో తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కిందికి లాగు.

ఇప్పుడు అన్నిటికన్నా నాకు ముఖ్యమైనది చెప్తాను, చెవులు. నువ్వు పంపిన మూడో ఫోటో మళ్లీ తీసి చూడు. మీ నల్ల గుర్రం చెవులు రెండూ వెనక్కి పడుకోబెట్టేసింది, కంటి తెల్లగుడ్డు కనిపిస్తోంది, పగ్గం బిగించి లాగడం వల్ల నోరు తెరుచుకుని ఉంది. ఆ ఫోటో ఎంత ఖరీదైన కెమెరాతో తీసినా బాగోదు తమ్ముడూ, ఎందుకంటే గుర్రం అక్కడ సుఖంగా లేదు, అది చూసేవాడికి గుర్రాల గురించి ఏమీ తెలియకపోయినా మనసుకి తెలుస్తుంది. చెవులు రెండూ ముందుకి నిక్కబొడుచుకున్నప్పుడే నొక్కు. అందులోనూ మీ గుర్రాల చెవుల కొనలు లోపలికి వంగి ఒకదాన్నొకటి తాకబోతున్నట్టున్నాయి, అలాంటి చెవులు రాజస్థాన్ మార్వాడీ, గుజరాత్ కాఠియావాడీ జాతులకి ఉంటాయి. అంత అందం ఉంచుకుని వెనక్కి పడుకున్న చెవుల్ని ఎందుకు తీయడం?

చెవులు ముందుకు రావాలంటే ఒక మనిషి కావాలి, ఇంట్లో చిన్నపిల్లాడు ఎవడైనా చాలు. గుర్రం చూడాల్సిన వైపు, నీకు పక్కగా పది పదిహేను మీటర్ల దూరంలో వాణ్ని నిలబెట్టి, డబ్బాలో గుప్పెడు ఉలవలు వేసి ఒక్కసారి గలగలలాడించమను. ఒక్కసారే. గుర్రం తలెత్తి అటు చూస్తుంది, చెవులు నిక్కుతాయి, ఆ రెండు మూడు సెకన్లే నీకు దొరికేది, అప్పటికే నువ్వు కూర్చుని ఫోకస్ పట్టి సిద్ధంగా ఉండాలి. నాలుగోసారి ఆడిస్తే అది పట్టించుకోదు. తర్వాత ఆ ఉలవలు దానికి పెట్టెయ్, మోసం చేశామని దానికి అనిపించకూడదు.

నిలబడ్డ గుర్రాన్ని పక్క నుంచి తీసేటప్పుడు కాళ్లు నాలుగూ కనిపించాలి. నీ వైపున్న ముందు కాలు కొంచెం ముందుకి, నీ వైపున్న వెనక కాలు కొంచెం వెనక్కి ఉంటే అవతలి కాళ్లు రెండూ వాటి మధ్యలో కనిపిస్తాయి. మావయ్యకి చెప్పి ఒక్క అడుగు నడిపించి ఆపించు, కుదరకపోతే మళ్లీ ఒక అడుగు. డెక్కల్ని ఫ్రేములో కోసెయ్యకు, పొడుగు గడ్డిలో దాచెయ్యకు. నొక్కే ముందు ఒక్కసారి మనిషి తల వెనక ఏముందో చూడు. రెండో ఫోటోలో మావయ్య తలపాగాలోంచి తాటిచెట్టు మొలిచింది, అయిదో దాంట్లో కరెంటు స్తంభం. నువ్వు రెండడుగులు పక్కకి జరిగి ఉంటే రెండూ పోయేవి. గుర్రం ఒంటికి ఫోటోకి ముందు బ్రష్ కొట్టు, కంటి మూల పుసి తడిగుడ్డతో తుడువు, కళ్లెం పట్టీల కొనలు లోపలికి దోపు, చిన్న పనులే గానీ ఫ్లెక్సీ మీద అవే కనిపిస్తాయి.

పరుగు ఫోటోలకి కెమెరాని టీవీ మోడ్‌లో (షట్టర్ వేగం మనమే పెట్టుకునేది, చక్రం మీద Tv అని ఉంటుంది) పెట్టు, ఐఎస్ఓ, అంటే కెమెరా వెలుతురుని పట్టే శక్తి, ఆటోలో వదిలెయ్. షట్టర్ వేగం నడకకి సెకనులో 1/250 వంతు, ట్రాట్‌కి (నడక కన్నా వేగమైన అడుగు) 1/500, క్యాంటర్‌కీ (నెమ్మది పరుగు) గ్యాలప్‌కీ (పూర్తి దౌడు) 1/1000, దూకేటప్పుడైతే ఇంకా పైకి. లెన్సులో ఐఎస్ (వణుకు తగ్గించే ఏర్పాటు) ఉంది కదా అని ధైర్యపడకు, అది నీ చేతి వణుకుని ఆపుతుంది, గుర్రం కాళ్లని ఆపదు. ఫోకస్ ఏఐ సర్వోలో (కదిలేదాన్ని వెంబడించే ఫోకస్) పెట్టి మధ్య చుక్కని గుర్రం భుజం మీద ఉంచి, బటన్ సగం నొక్కి పట్టుకుని గుర్రంతో పాటు కెమెరా తిప్పుతూ ఉండు. అది నీ ఎదురుగా వచ్చినప్పుడు నొక్కుదాంలే అని ఆగితే ఎప్పుడూ ఆలస్యమే అవుతుంది.

ఏ క్షణంలో నొక్కాలన్నది ఇంకో పాఠం. ట్రాట్‌లో ఎదురెదురు మూలల కాళ్లు జంటగా పడతాయి, కుడి ముందుది ఎడమ వెనకది ఒకసారి, తర్వాత మిగతా రెండూ, టక్-టక్, టక్-టక్ అని రెండు దెబ్బల తాళం. కళ్లు మూసుకుని కాసేపు విను, తాళం నీ వేలికి వచ్చేస్తుంది, జంట కాళ్లు బాగా చాపిన దెబ్బకి నొక్కాలి. క్యాంటర్ మూడు దెబ్బలు. అందులో వెనక కాళ్ల మీద బరువుండి ముందు భాగం పైకి లేచిన క్షణం బాగుంటుంది, బరువంతా ఒక్క ముందు కాలి మీద పడ్డ క్షణంలో తీస్తే గుర్రం ముక్కు మీద పడబోతున్నట్టు ఉంటుంది. కళ్లకి ఇదంతా అందదు. 1878లో కాలిఫోర్నియాలో మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫర్ 12 కెమెరాలు వరసగా పెట్టి, గుర్రం దాటుతున్న కొద్దీ ఒక్కోటీ తనంతట తానే నొక్కుకునేలా ఏర్పాటు చేశాడు. అప్పటిదాకా చిత్రకారులు నాలుగు కాళ్లూ ముందుకీ వెనక్కీ చాపి గాల్లో ఎగురుతున్నట్టు గీసేవారు. ఫోటోల్లో తేలిందేంటంటే గుర్రం గాల్లో ఉండే మాట నిజమే, కానీ అది కాళ్లు చాపినప్పుడు కాదు, పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు. అందుకే కాళ్లు చాపిన గాలి ఫోటో కోసం వందలకొద్దీ ఫ్రేములు కొట్టకు, అది లేదు. నీ పాత కెమెరా సెకనుకి మూడు నుంచి అయిదు ఫ్రేములు కొడుతుందనుకుంటా, అది చాలు, బర్స్ట్ (వరసగా ఫ్రేములు కొట్టడం) మీద భారం వెయ్యకుండా తాళం విని నొక్కు.

మీద కూర్చున్నవాళ్ల సంగతి. రౌతు కొద్దీ గుర్రం అంటారు కదా, ఫోటోలో అది ఇంకా ఎక్కువ. వీపు నిటారుగా, మడమ కిందికి, బొటనవేలు పైకి, చూపు గుర్రం చెవుల మధ్య నుంచి దూరంగా. చెల్లి ప్రతి ఫోటోలో కెమెరా వైపో, కిందికి పగ్గాల వైపో చూస్తోంది, ఎదురుగా సరుగుడు చెట్టు ఒకటి చూపించి దాన్నే చూస్తూ ఉండమను. పగ్గాలు వదులుగా, గుర్రం నోరు మూసుకుని ఉండేలా. చెల్లికి తప్పకుండా హెల్మెట్ పెట్టు, ఫోటోలో బాగోదని తీయించెయ్యకు, దాని అంచు నీడ ముఖం మీద పడితే గడ్డం కొంచెం ఎత్తమను, సూర్యుడు కిందుగా ఉన్నప్పుడు ఆ నీడ ఎలాగూ పడదు. చున్నీ అయితే ముడేసి లోపలికి దోపుకోవాలి, గాలికి ఎగిరే గుడ్డ జీనుకో రికాబుకో చుట్టుకుంటే ప్రమాదం, గుర్రం కూడా బెదురుతుంది.

ఈ బెదరడం గురించి నేను అనుభవంతో చెప్తున్నాను. చాలా ఏళ్ల కిందట చింతపల్లి బీచిలో ఒక బాబు పుట్టినరోజుకి ఫోటోలు తీస్తున్నాను, ఎనిమిదేళ్లుంటాయేమో, గుర్రం మీద కూర్చున్నాడు. ముఖం మీద వెలుతురు చాలట్లేదని, మడిచిన వెండి రంగు రిఫ్లెక్టర్ని గుర్రం పక్కనే ఠప్‌మని విప్పాను. ఆ చప్పుడుకీ ఆ మెరుపుకీ గుర్రం ఒక్కసారిగా పక్కకి దూకింది, బాబు సగం జారిపోయాడు, గుర్రాల ఆయన ఒక చేత్తో పగ్గం, ఇంకో చేత్తో పిల్లాడి నడుం పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. వాళ్లమ్మ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. తప్పు గుర్రానిది కాదు, నాదే. అప్పటి నుంచి ఏ వస్తువైనా సరే, రిఫ్లెక్టరు, గొడుగు, ట్రైపాడ్, ముందు గుర్రానికి దూరం నుంచి చూపించి, వాసన చూడనిచ్చి, అప్పుడే వాడతాను. ఫ్లాష్ వాడను. డ్రోన్ జోలికి అసలు పోను.

గుర్రం కళ్లు తలకి పక్కల ఉంటాయి కాబట్టి దాదాపు చుట్టూ చూస్తుంది, కానీ తోక వెనక, నుదుటికి ఎదురుగా మరీ దగ్గర, ఈ రెండు చోట్లా నువ్వు దానికి కనపడవు. వెనక నుంచి ఎప్పుడూ వెళ్లకు, భుజం వైపు నుంచి ఏదో ఒక మాట మాట్లాడుతూ వెళ్లు. కింద కూర్చున్నప్పుడు దాని దారికి పక్కగా కూర్చో, ఎదురుగా వద్దు. పెళ్లిళ్లలో వెనక కాళ్ల మీద నిలబెట్టి ఫోటో తీయించమని అడుగుతారు, నువ్వు మాత్రం అడగకు, మావయ్య చేయిస్తానన్నా వద్దను, ఆ బరువంతా వెనక కీళ్ల మీద పడుతుంది. ఒక గంట తీశాక జీను దించి నీళ్లు పెట్టి నీడలో కట్టు. కెమెరాకి కూడా ఇంటికెళ్లగానే ఉప్పుగాలి తడి తుడువు, బీచిలో లెన్సులు మార్చకు.

ఇక ఫ్లెక్సీ. ఈ ఆదివారం పొద్దున్నే తెల్ల గుర్రాన్ని తోట ముందు పెట్టి, నువ్వు సముద్రానికి వీపు పెట్టి, కూర్చుని, 100 దగ్గర, మైనస్ 1 దగ్గర మొదలుపెట్టు, మావయ్య తలపాగా చుట్టుకుని ఉండాలి. గుర్రాన్ని ఫ్రేము మధ్యలో పెట్టకుండా ఒక పక్కకి జరిపి, అది ఏ వైపు చూస్తోందో ఆ వైపు సగం ఖాళీ వదులు, మావయ్య పేరూ ఫోన్ నంబరూ పడేది అక్కడే. ఫ్లెక్సీ వాళ్లకి వాట్సాప్‌లో ఫోటోగా పంపితే సైజు తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపు, లేదంటే పెన్‌డ్రైవ్‌లో ఇవ్వు. నల్లదాన్ని సాయంత్రం తియ్యి, నాలుగింటికి. చెవులు ముందుకున్న ఫోటోలు రెండు నాకూ పంపు.